బోర్లిస్తే కనిపించే గిటార్: పాత పెడల్ స్టీల్ మీద అంత మమకారం ఎందుకు?

పెడల్ స్టీల్ గిటార్ ఏమిటో తెలియాలంటే ముందు దాన్ని బోర్లించాలి. పైనుంచి చూస్తే అదొక పొడవాటి సన్నటి బల్ల. నాలుగు కాళ్ళు, పైన పది తీగలు, లేదంటే రెండు వరసల్లో ఇరవై. గిటార్ అనగానే మన కళ్ళకు అలవాటైన నడుము గానీ, మధ్యలో గుండ్రటి రంధ్రం గానీ ఉండవు. మెట్లు కూడా ఉండవు, మెట్లు ఎక్కడ ఉండాలో చెప్పే గీతలు మాత్రం ఉంటాయి. తిరగేస్తే అసలు సంగతి బయటపడుతుంది. సైకిల్ పుల్లల్లాంటి సన్నటి స్టీలు రాడ్లు ఈ కొస నుంచి ఆ కొసకు పరుచుకుని ఉంటాయి. వాటికి అడ్డంగా ఇరుసులు, ఇరుసుల మీద మోచేయిలా వంగిన చిన్న చిన్న లోహపు ముక్కలు, స్ప్రింగులు, కొసన బిగించే నట్లు. పాత పెడల్ స్టీల్ కొనేవాళ్ళు మొదట అడిగేది ఈ అడుగుభాగం ఫోటోనే. పైన మెరుపు ఎంత ఉన్నా, గిటార్ బతుకంతా కింద ఉంది.

పేరు తెలియకపోయినా దీని నాదం చాలామంది వినే ఉంటారు. అమెరికన్ కంట్రీ పాటల్లో గాయకుడు ఒక మాట అని ఆగినప్పుడు, వెనకనుంచి ఎవరో గొంతు పూడుకుపోయి ఏడుపు ఆపుకుంటున్నట్టు ఒక తీగ సాగుతూ పైకి పోతుంది చూడండి, అదే. 1960ల్లో, 70ల్లో కంట్రీ పాటలకు రాజధాని లాంటి నాష్‌విల్ నగరంలో రికార్డయిన పాటల్లో ఈ వాద్యం లేనివి వెతుక్కోవాలి.

ఇప్పటి తయారీదారులు చేస్తున్న పెడల్ స్టీల్ గిటార్లు నిజంగా బాగుంటాయి. బరువు తక్కువ, శ్రుతి నిలబడుతుంది, పెడల్ మెత్తగా దిగుతుంది. పాతవి అలా కావు. రెండు మెడల, అంటే రెండు తీగల వరసల, పాత గిటార్ కేసుతో కలిపి 30 కిలోలు దాటుతుంది, అంటే మన పాతిక కిలోల బియ్యం బస్తా కంటే ఎక్కువ. శ్రుతి చేయడం ఒక తతంగం. విడిభాగాలు దొరకవు. అయినా 1960ల నాటి షో-బడ్, ఎమన్స్ పుష్-పుల్ అనే గిటార్ల కోసం ఏళ్ళ తరబడి వెతికేవాళ్ళు ఉన్నారు. ఎందుకని అడిగితే ఒకటే జవాబు: "ఆ టోన్ వేరు." ఈ జవాబు అబద్ధం కాదు. కానీ అందులో నాలుగైదు వేరు వేరు సంగతులు ముడిపడి ఉన్నాయి. ఒక్కో పోగూ విడదీసి చూస్తే మమకారం అసలు దేని మీదో తెలుస్తుంది.

ముందు పెడల్ చేసే పని. మన సంగీతం మాటల్లో చెప్పుకుంటే ఇది చాలా తేలిక. గోటువాద్యం చూసినవాళ్ళకు సగం ఇప్పటికే తెలుసు: మెట్లు లేని తీగల మీద నున్నటి ముక్కను జార్చుతూ వాయించడం. స్టీల్ గిటార్‌లో ఎడమచేతిలో సుమారు 200 గ్రాముల స్టీలు బార్ ఉంటుంది. అందుకే ఆ పేరు. గిటార్ స్టీలుది కాదు, బార్ స్టీలుది. జారు ఎంత కావాలంటే అంత వస్తుంది. చిక్కు ఎక్కడంటే, బార్ తిన్నగా ఉంటుంది. మూడు తీగల మీద ఉంచి జరిపితే మూడూ ఒకే కొలతన పైకి పోతాయి, ఒకే కొలతన కిందికి వస్తాయి. వీణ వాయించేవారు ఒక తీగను పక్కకు లాగి గమకం పలికించినట్టు, మిగతావి నిలబడి ఉండగా ఒక్కదాన్ని కదల్చడం బార్‌తో కుదరదు. పాశ్చాత్య సంగీతంలో స్వరాలు గుంపుగా, కార్డులుగా పలకాలి. ఒక కార్డ్ నుంచి మరో కార్డ్‌కు వెళ్ళాలంటే గుంపులో స్వరాల మధ్య దూరం మారాలి.

పెడల్ ఆ పని చేస్తుంది. E నైన్త్ అనే శ్రుతి అమరికలో కొన్ని తీగలు కలిపి మీటితే E మేజర్ కార్డ్ పలుకుతుంది. E స్వరాన్ని షడ్జమం అనుకుంటే ఆ కార్డ్ స-గ-ప. గ అంటే అంతర గాంధారం. తీగలు ఇంకా మోగుతుండగానే ఎడమ పాదంతో మొదటి రెండు పెడళ్ళూ కలిపి తొక్కండి. షడ్జమం ఉన్నచోటే ఉంటుంది. గాంధారం అర స్వరం పైకి జరిగి శుద్ధ మధ్యమం అవుతుంది. పంచమం ఒక స్వరం జరిగి చతుశ్రుతి ధైవతం అవుతుంది. స-గ-ప కాస్తా స-మ-ధ అయింది. బార్ ఒక్క వెంట్రుకవాసి కూడా కదల్లేదు. పాదం మెల్లగా దించితే గాంధారం మధ్యమంలోకి, పంచమం ధైవతంలోకి పాకుతూ పోవడం వినిపిస్తుంది. రెండూ ఒకే దూరం నడవవు, ఒకే చోట ఆగవు. మధ్యలో షడ్జమం మాత్రం దీపం స్తంభంలా కదలకుండా ఉంటుంది. ఇందాక చెప్పిన ఏడుపు ఇదే. మోకాలితో పక్కకు నెట్టే లివర్లు కూడా ఉంటాయి. వాటిలో ఒకటి షడ్జమాన్నే అర స్వరం దించి కాకలి నిషాదం చేస్తుంది. ఎడమ పాదం పెడళ్ళ మీద, కుడి పాదం శబ్దం పెంచి తగ్గించే పెడల్ మీద, రెండు మోకాళ్ళు లివర్ల మధ్య, కుడిచేతి బొటనవేలికీ రెండు వేళ్ళకూ పిక్‌లు, ఎడమచేతిలో బార్. ఒళ్ళంతా పనిలో ఉంటుంది, వాయించేవాడి ముఖం మాత్రం ఏమీ పట్టనట్టు కనిపిస్తుంది.

ఇదంతా ఒక్కరోజులో పుట్టలేదు. మూలం హవాయి. ఓఆహు దీవిలోని లాయియె ఊరి కుర్రాడు జోసెఫ్ కెకుకు 1880ల చివరి భాగంలో గిటార్ తీగల మీద లోహపు ముక్కను జార్చి వాయించే పద్ధతికి రూపం ఇచ్చాడని ఎక్కువమంది ఒప్పుకుంటారు. 1915లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన పెద్ద అంతర్జాతీయ ప్రదర్శనలో హవాయి బృందాలు వాయించాక ఆ సంగీతం అమెరికాను ఊపేసింది. ఆ అల మన దాకా వచ్చింది. తౌ మో అనే హవాయి కళాకారుడు కుటుంబంతో 1940ల్లో కలకత్తాలో ఉండి వాయించాడు, నేర్పాడు. హిందీ సినిమా పాటలను వాన్ షిప్లీ హవాయియన్ గిటార్ మీద వాయించిన రికార్డులు మన పెద్దవాళ్ళు రేడియోలో విన్నవే. అమెరికాలో అదే వాద్యం మరో దారి పట్టింది. 1932లో రికెన్‌బ్యాకర్ కంపెనీ అమ్మకానికి తెచ్చిన విద్యుత్ గిటార్ ఒళ్ళో పెట్టుకుని వాయించే స్టీల్ గిటారే. ఆకారం చూసి జనం దానికి "వేపుడు పెనం" అని పేరు పెట్టారు. ప్రపంచంలో జనం కొని వాడిన మొదటి ఎలక్ట్రిక్ గిటార్ ఇదేనని నేను చెబితే ఇప్పటికీ చాలామంది నమ్మరు.

తర్వాత వచ్చిన ఇబ్బంది కార్డులదే. ఒక శ్రుతిలో కొన్ని కార్డులే దొరుకుతాయి. బార్‌ను ఏటవాలుగా పట్టి కొన్ని సాధించారు. అదీ చాలక ఒకే బల్ల మీద రెండు, మూడు, నాలుగు మెడలు పెట్టి, ఒక్కోదాన్ని ఒక్కో శ్రుతిలో ఉంచారు. అంటే పాట మారినప్పుడల్లా వీణ మార్చుకున్నట్టు. అప్పుడు కొందరికి తోచింది: మెడలు పెంచే బదులు ఉన్న తీగల శ్రుతినే కాలితో మారిస్తే? గిబ్సన్ కంపెనీ 1940 ప్రాంతంలో ఎలక్ట్రాహార్ప్ పేరుతో ఒకటి చేసింది. ఇండియానాపోలిస్‌లో హార్లిన్ సోదరులు మల్టీకార్డ్ అని ఇంకోటి చేశారు. ఇవి తొలి అడుగులు. మనసులో నాటుకుపోయిన పేరు మాత్రం పాల్ బిగ్స్‌బీ.

బిగ్స్‌బీ సంగీతం వ్యాపారం నుంచి వచ్చినవాడు కాదు. కాలిఫోర్నియాలో మోటార్ సైకిళ్ళ పందేల్లో పాల్గొన్నవాడు, క్రాకర్ మోటార్ సైకిల్ కంపెనీలో పనిచేసినవాడు. వృత్తి రీత్యా లోహం పోత పోయడానికి కావలసిన అచ్చులు చేసే పనివాడు. మన ఊళ్ళలో లేత్ వర్క్స్ షెడ్డు ముందు నిలబడి ఏ ముక్క ఇచ్చినా దానికి జత ముక్క తిప్పి ఇచ్చే మేస్త్రీని తలుచుకోండి, అలాంటివాడు. డౌనీలో తన షాపులో పోత అల్యూమినియంతో మెడలు, పెడళ్ళు, పికప్ (తీగ కంపనాన్ని విద్యుత్తుగా మార్చే భాగం) మూతలు తానే చేసి, పక్షి కళ్ళలాంటి చుక్కలుండే మేపుల్ కర్రతో కలిపాడు. 1948లో స్పీడీ వెస్ట్ అనే వాద్యకారుడి కోసం మూడు మెడలు, నాలుగు పెడళ్ళ గిటార్ తయారుచేశాడు. ముందుభాగాన వాయించేవాడి పేరు చెక్కి ఉంటుంది. కొనేవాడు ఎవరో ముందే తెలుసు. వాడి కాళ్ళు ఎంత పొడవో, ఏ పెడల్ ఏ తీగను ఎంత లాగాలో మాట్లాడుకున్నాకే పని మొదలయ్యేది. వరసలో ఏళ్ళు ఎదురుచూడాల్సి వచ్చేది.

ఇక్కడ ఒక చిన్న సంగతి కలపాలి. అప్పటికి పెడల్ అంటే పాట మధ్యలో శ్రుతి మార్చుకునే సదుపాయం మాత్రమే. తీగ మోగుతుండగా తొక్కడం పొరపాటు కింద లెక్క. 1953 చివర్లో వెబ్ పియర్స్ పాడిన "స్లోలీ" పాటకు బడ్ ఐజాక్స్ తన బిగ్స్‌బీ మీద ఆ పొరపాటునే కావాలని చేశాడు. తీగ మీటి, అది మోగుతుండగా పెడల్ తొక్కి, స్వరం పాకుతుంటే వినిపించనిచ్చాడు. 1954లో పాట కంట్రీ జాబితాలో మొదటి స్థానానికి వెళ్ళింది. ఆ తర్వాత స్టీల్ వాయించే ప్రతివాడికీ పెడల్ కావాల్సి వచ్చింది. అందరికీ బిగ్స్‌బీ దొరకదు కాబట్టి చేతికందిన ఇనుప ముక్కలతో సొంతంగా పెడళ్ళు తగిలించుకున్నారు. అందరూ సంతోషించలేదు. అప్పటికే స్టీల్ గిటార్‌లో అందరూ తలెత్తి చూసే జెరీ బర్డ్ పెడల్ ముట్టుకోలేదు. 1970ల్లో హవాయికే వెళ్ళి స్థిరపడి పెడల్ లేని వాద్యాన్నే వాయిస్తూ, నేర్పుతూ ఉండిపోయాడు. 1978లో స్టీల్ గిటార్ హాల్ ఆఫ్ ఫేమ్ మొదలైనప్పుడు మొదట చేర్చుకున్నది ఆయన్నే. ఇవాళ మనం పాత రోజుల గుర్తుగా దాచుకుంటున్న పెడల్ గిటార్ ఒకప్పుడు పాతదాన్ని పాడుచేసిన కొత్త వస్తువన్నమాట.

తర్వాతి అధ్యాయం ఒక గ్యారేజీలో నడిచింది. షాట్ జాక్సన్ స్టీల్ గిటార్, డోబ్రో అనే లోహపు పళ్ళెం బిగించిన గిటార్ వాయించేవాడు. కంట్రీ గాయకుడు రాయ్ ఎకఫ్ బృందంలో పనిచేశాడు. బడీ ఎమన్స్ 1937లో ఇండియానాలోని మిషవాకాలో పుట్టి, పద్దెనిమిదేళ్ళకే లిటిల్ జిమ్మీ డికెన్స్ బృందంలోకి వచ్చేసిన కుర్రాడు. ఇద్దరూ కలిసి 1957లో నాష్‌విల్‌లో పెడల్ స్టీల్ గిటార్లు చేయడం మొదలుపెట్టారు. షాట్‌లోంచి షో, బడీలోంచి బడ్. షో-బడ్ అయింది. పగలు తయారీ, రాత్రి వేదిక మీద వాయిద్యం. వాయిస్తుంటే ఏది ఇబ్బంది పెట్టిందో మర్నాడు గ్యారేజీలో అది సరిచేసేవారు. తయారుచేసేవాడూ వాయించేవాడూ ఒకే మనిషి కావడం ఈ కథలో అన్నిటికంటే ముఖ్యమైన విషయమని నేను అనుకుంటాను. షో-బడ్ గిటార్ల మీద పేకముక్కల గుర్తులు పొదిగి ఉంటాయి: ఇస్పేటు, కళావరు, ఆఠీను, డైమను. లక్క పూసిన మేపుల్ మీద ఆ గుర్తులు చూస్తే, దూరం నుంచి కూడా ఎవరి గిటారో చెప్పవచ్చు.

ఆ రోజుల్లోనే వాద్యం నుదుటి రాత కూడా రాసుకుంటోంది. మధ్యమం, ధైవతం రెండూ ఒకే పెడల్ తొక్కితే వచ్చేవి. ఎమన్స్ వాటిని విడగొట్టి రెండు పెడళ్ళకు పంచాడు. జిమ్మీ డే అనే మరో మహా వాద్యకారుడూ అదే చేశాడు, కానీ పెడళ్ళ వరస తలకిందులుగా పెట్టుకున్నాడు. 1962లో ఎమన్స్ మరో రెండు తీగలు చేర్చి ఎనిమిదిని పది చేశాడు. ఆ రెండు తీగలు కార్డులో లేని స్వరాల కోసం; వరసలో పైన ఉన్నా, వాటి పక్కనున్న మూడో తీగ కంటే తక్కువ స్వరం పలుకుతాయి. ఇప్పుడు పెడల్ స్టీల్ నేర్చుకునేవాళ్ళంతా పుస్తకంలో చూసే E నైన్త్ అమరిక దాదాపు అలా కుదురుకున్నదే.

1963లో ఎమన్స్ షో-బడ్ నుంచి బయటికి వచ్చి, రాన్ లాష్లీతో కలిసి నార్త్ కరోలినాలోని బర్లింగ్‌టన్‌లో ఎమన్స్ గిటార్ కంపెనీ పెట్టాడు. అక్కడినుంచి వచ్చిందే పుష్-పుల్. మమకారం గురించిన మాటలన్నీ చివరికి దీని దగ్గరికే వస్తాయి కాబట్టి కొంచెం దగ్గరగా చూద్దాం.

ప్రతి తీగ కుడి కొసన వంపు తిరిగిన ఒక లోహపు వేలు చుట్టూ ఆని ఉంటుంది. దాన్ని నిజంగానే ఫింగర్ అంటారు. వేలు ఒకవైపు తిరిగితే తీగ బిగుసుకుని స్వరం పెరుగుతుంది, ఇంకోవైపు తిరిగితే వదులై దిగుతుంది. ఈ వేళ్ళ వరసనే చేంజర్ అంటారు. ఇప్పుడు ఎక్కువగా వాడే ఆల్-పుల్ పద్ధతిలో అన్ని మార్పులనూ రాడ్లు లాగే చేస్తాయి. ఏ పెడలూ తొక్కనప్పుడు ఆ వేలును స్ప్రింగులు పట్టి ఉంచుతాయి. పుష్-పుల్‌లో రాడ్లు కొన్నిటిని లాగుతాయి, కొన్నిటిని నెడతాయి. ఏమీ తొక్కనప్పుడు వేలు స్ప్రింగు మీద వేలాడదు, గిటార్ ఒంటికే గట్టిగా ఆని నిలబడుతుంది. తలుపును గాలికి వదిలేయకుండా గోడకు ఆనించి నిలబెట్టినట్టు. తీగ కంపనం సందుల్లో పోకుండా నేరుగా ఒంట్లోకి దిగుతుందనీ, స్వరం ఎక్కువసేపు నిలబడటం, కొసలో ఆ పదును అందువల్లే వస్తాయనీ వాయించేవాళ్ళు చెబుతారు. వినడానికి సబబుగానే ఉంది, వింటుంటే తేడా తెలుస్తూనే ఉంటుంది.

దానికి ఖరీదు కూడా ఉంది. ఒక తీగను పైకీ కిందికీ రెండు వైపులా మార్చాలంటే ఏది ముందు బిగించాలి, ఏది తర్వాత అనే క్రమం తప్పకూడదు. ఒకటి సరిచేస్తే ఇంకోటి జారుతుంది. కొత్తగా కొన్నవాడికి మొదటి నెల టెన్షన్ తప్పదు. ఆ క్రమం తెలిసిన మేస్త్రీలు అప్పుడూ తక్కువే. ఎమన్స్ కంపెనీ కూడా తర్వాత లెగ్రాండ్ పేరుతో ఆల్-పుల్ గిటార్లకు మారింది. వాడుకలో ఆల్-పుల్ గెలిచింది, మనసుల్లో పుష్-పుల్ మిగిలింది.

కర్ర పాతబడేకొద్దీ టోన్ మెరుగవుతుందనే మాట వచ్చినప్పుడల్లా నేను ఒకటి గుర్తుచేస్తాను. నల్లటి ఎమన్స్ గిటార్లలో చాలావాటి మీద అతికించింది మన ఇళ్ళలో సన్‌మైకా అని పిలుచుకునే రకం షీటు. భోజనాల బల్ల మీద, వంటింటి అల్మరా మీద ఉండేదే. ఎంతో మోజుపడే టోన్ దానికింద నుంచే వచ్చింది. లక్క పూసిన షో-బడ్ టోన్ వేరు, నిజమే. అయితే వాటి చేంజర్ వేరు, పికప్ వేరు, ఒంటి కొలతలు వేరు. కర్ర ఒక్కదానికే పట్టం కట్టడం నాకు న్యాయంగా అనిపించదు. పికప్ సంగతి మాత్రం తీసిపారేయలేం. వేల చుట్లు చుట్టిన సన్నటి రాగి తీగ, కింద అయస్కాంతం. ఎన్ని చుట్లు, ఎంత బిగువు అన్నదాన్ని బట్టి ధ్వని మారుతుంది. ఒకే కంపెనీ ఒకే ఏడాది చేసిన రెండు పాత గిటార్లు ఒకేలా పలకకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

పెద్దగా ఎవరూ లెక్కలోకి తీసుకోని పోగు ఇంకొకటుంది: చెవితో శ్రుతి చేయడం. కీబోర్డు లెక్క ప్రకారం గాంధారం షడ్జమానికి 400 సెంట్ల దూరంలో ఉండాలి (సెంటు అంటే అర స్వరంలో వందో వంతు). తంబురా మీటితే దానంతట అదే పలికే స్వయంభూ గాంధారం 386 దగ్గర ఉంటుంది. స్టీల్ గిటార్‌కు నిజమైన మెట్లు లేవు. కాబట్టి వాద్యకారులు గాంధారాన్ని ట్యూనర్ సూది చూపించేదానికంటే కొంచెం దించి, ఆ సహజమైన చోటికి దగ్గరగా చెవితో కలుపుకునేవారు. ఇప్పటికీ చాలామంది అంతే. పాత రికార్డుల్లో రెండు తీగలు కలిసి నిలిచినప్పుడు వచ్చే ఆ తీపిలో కొంత వాటా ఈ పద్నాలుగు సెంట్లదే. దానికి గిటార్ పాతదే కానక్కర్లేదు, చెవి ఉంటే చాలు. దీనికి వ్యతిరేకంగా పనిచేసే సంగతీ ఉంది. పెడళ్ళు తొక్కితే ఆ లాగుడుకు గిటార్ ఒళ్ళు కనిపించనంతగా వంగి, తొక్కని తీగలు కూడా పిసరంత దిగుతాయి. దాన్ని క్యాబినెట్ డ్రాప్ అంటారు. ఇప్పటి తయారీదారులు దీన్ని బాగా తగ్గించారు. పాత గిటార్ వాయించేవాడు మాత్రం ఎంత దిగుతుందో చేతికి నేర్పుకుని, బార్‌ను ఆ మేరకు జరుపుతాడు. అంటే గిటార్ లోపాన్ని చెయ్యి పూరిస్తుంది. ఏళ్ళు గడిచాక ఆ సర్దుబాటే వాడి శైలిలో భాగమైపోతుంది.

టోన్ గురించి ఇంతే. ఇవన్నీ కలిపినా ఆ వెతుకులాటకు పూర్తి కారణం దొరకదు. నా దృష్టిలో అసలు కారణం మళ్ళీ గిటార్ అడుగునే ఉంది. అక్కడే మిగిలిన కథ.

ఏ పెడల్ ఏ తీగను ఎంత మారుస్తుందో చెప్పే పట్టికను కోపెడెంట్ అంటారు. కార్డ్, పెడల్, అరేంజ్‌మెంట్ మూడు మాటలు కలిపి టామ్ బ్రాడ్‌షా కూర్చిన మాట. ప్రతి వాద్యకారుడికీ తనదంటూ ఒక కోపెడెంట్ ఉంటుంది. మొదటి రెండు పెడళ్ళ సంగతిలో అందరిదీ ఒకటే మాట, అదీ ఎమన్స్ వరసా, డే వరసా అన్న తేడాతో. మోకాలి లివర్ల దగ్గరికి వచ్చేసరికి ఎవరి దారి వారిది. ఒకరికి ఎడమ మోకాలు ఎడమకు నెడితే స్వరం పెరగాలి, ఇంకొకరికి తగ్గాలి. ఒక పాత గిటార్ చేతులు మారిందంటే దానితోపాటు ఒక మనిషి ఆలోచించిన పద్ధతి కూడా చేతులు మారుతుంది. బోర్లించి చూస్తే తెలుస్తుంది: ఇక్కడ ఒక లివర్ ఉండేది, తీసేశారు, రెండు మరల రంధ్రాలు మిగిలాయి. ఈ రాడ్ మొదట ఆరో తీగకు వెళ్ళేది, తర్వాత ఎవరో అయిదో తీగకు మార్చారు. మరో రాడ్ కొంచెం మందం ఎక్కువ, అది ఫ్యాక్టరీలో చేసింది కాదు. కొత్త లివర్ బిగించడానికి ఎవరో ఇంట్లో డ్రిల్ పెట్టి వేసిన రంధ్రం అంచు చిట్లి ఉంటుంది. పియానో కొన్నవాడికి గానీ, మామూలు గిటార్ కొన్నవాడికి గానీ ఇలాంటి ఉత్తరం దొరకదు.

ఆ కాలంలో వాద్యం రూపమే ఇంకా తేలలేదు. తీగలు ఎనిమిదా పదా, మోకాలి లివర్ కావాలా అక్కర్లేదా, అన్నీ ప్రశ్నలే. వాయించేవాడు షాపుకు వెళ్ళి "నాకు ఈ స్వరం ఇలా వంగాలి" అనేవాడు. ఎదురుగా ఉన్నవాడికి ఆ మాట అర్థమయ్యేది, ఎందుకంటే వాడూ నిన్న రాత్రి వాయించి వచ్చాడు. జేన్ బెక్ తన గిటార్లకు మోకాలి లివర్లు తగిలించుకుంటూ చేసిన ప్రయోగాలు అలాంటివే. డల్లాస్‌లో ఎంఎస్‌ఏ గిటార్లకు పేరు తెచ్చిన మారిస్ ఆండర్సన్ స్వయంగా గొప్ప వాద్యకారుడు. పాల్ ఫ్రాంక్లిన్ సీనియర్ గిటార్లు చేస్తుంటే కొడుకు పాల్ ఫ్రాంక్లిన్ వాటి మీదే వాయించి నాష్‌విల్ స్టూడియోల్లో అగ్రస్థాయికి వెళ్ళాడు. ఈ వృత్తిలో ముసుగులు లేవు. కొన్నవాడికి చేసినవాడి ఇంటిదారి తెలుసు.

లియో ఫెండర్ కంపెనీ 1950ల చివర్లో తెచ్చిన 400, 1000 మోడళ్ళ మీద ఈ మమకారపు కబుర్లలో కొంచెం చిన్నచూపు వినిపిస్తుంది. రాడ్లకు బదులు కేబుళ్ళతో లాగే పద్ధతి వాటిది. నాకు ఆ చిన్నచూపు నచ్చదు. తన పని తాను చేసుకోగలిగినవాడికి ఫెండర్ అంత వీలైనది మరొకటి లేదు. స్నీకీ పీట్ క్లైనో పగలంతా బొమ్మల యానిమేషన్ పనిలో ఉండి, రాత్రి ఫ్లయింగ్ బరీటో బ్రదర్స్‌తో ఫెండర్ 400 వాయించి, ఎవరికీ రాని శబ్దాలు రాబట్టాడు. రాక్ గిటారిస్టు జెరీ గార్సియా 1970లో విడుదలైన క్రాస్‌బీ, స్టిల్స్, నాష్ అండ్ యంగ్ పాట "టీచ్ యువర్ చిల్డ్రన్"కు వాయించినది వినండి. కంట్రీ పాటల జోలికి పోని లక్షలమంది చెవికి పెడల్ స్టీల్ మొదట చేరింది అలాగే.

పాత రోజులంటే నాష్‌విల్ ఒక్కటే అనుకోవడం కూడా అన్యాయం. 1930ల నుంచి హౌస్ ఆఫ్ గాడ్ చర్చిలలో నల్లజాతి వాద్యకారులు స్టీల్ గిటార్‌తో ప్రార్థన నడిపిస్తున్నారు. విల్లీ ఈసన్ దానికి ఆద్యుల్లో ఒకడు. గాయకుడి గొంతును తీగ మీద అచ్చంగా పలికించడం అతని దారి. తర్వాత చక్ క్యాంప్‌బెల్, రాబర్ట్ రాండాల్ఫ్ లాంటివాళ్ళు అదే పనికి పెడల్ స్టీల్ తీసుకున్నారు. వాళ్ళ చేతుల్లో ఈ వాద్యం ఏడవదు, కేక వేస్తుంది. నైజీరియాలో జూజూ అనే అక్కడి సంగీతం వాయించే కింగ్ సన్నీ అడే బృందంలో డెమోలా అడెపోజు వాయించిన పెడల్ స్టీల్ ఇంకో లోకం. పాతవాటి గురించి రాసేటప్పుడు ఈ పేర్లు వదిలేస్తే, మనం దాచుకుంటున్నది సగం ఇల్లే.

1980లు వచ్చేసరికి గ్యారేజీ రోజులు అయిపోయాయి. షో-బడ్ పెద్ద కంపెనీ చేతుల్లోకి వెళ్ళింది, కొద్దికాలానికే తయారీ ఆగింది. ఎంఎస్‌ఏ కూడా ఆ దశాబ్దంలో తలుపులు మూసి, 2000ల్లో మళ్ళీ తెరిచింది. కంట్రీ పాటల్లో సింథసైజర్లు వచ్చి స్టీల్‌కు చోటు తగ్గింది. వాద్యం నేర్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది, ఖరీదు ఎక్కువ, కొనేవాళ్ళు తక్కువ. ఈ లెక్కలో ఏ పెద్ద కంపెనీకీ లాభం కనిపించదు. నిలబెట్టింది మళ్ళీ చిన్న చిన్న తయారీదారులు, సెయింట్ లూయిస్‌లో డీవిట్ స్కాట్ దశాబ్దాల పాటు ఏటా నడిపిన స్టీల్ గిటార్ సమావేశం లాంటి కూడికలు. అక్కడ ఒక బల్ల దగ్గర తయారుచేసినవాడు, ఎదురుగా వాయించేవాడు మళ్ళీ మాట్లాడుకున్నారు.

బడీ ఎమన్స్ 2015లో చనిపోయాడు. షాట్ జాక్సన్ 1991లోనే వెళ్ళిపోయాడు. షో-బడ్ షాపు ఉన్న భవనం మాత్రం నాష్‌విల్ బ్రాడ్‌వే మీద 416వ నంబరులో ఇప్పటికీ ఉంది. ఇప్పుడక్కడ రాబర్ట్స్ వెస్టర్న్ వరల్డ్ అనే సంగీతశాల నడుస్తోంది. పాత పద్ధతి కంట్రీ పాటలు పాడే బృందాలు అక్కడ వాయిస్తుంటాయి. బృందంలో ఒకరు వేదిక మీద కూర్చుని, తల వంచుకుని, ఎడమ పాదం రెండు పెడళ్ళ మీద ఆనిస్తారు. గాయకుడు ఒక మాట అని ఆగుతాడు. గాంధారం మధ్యమంలోకి పాకుతుంది.